కంటి మూల సిర విలువ రోజుకు 2.6 లీటర్లు

50 కిలోల గొర్రె 40 డిగ్రీల వేడిలో రోజుకు 2.6 లీటర్ల నీళ్లు మిగుల్చుకోగలదు. అది రోజూ తాగే నీళ్లలో ఇది దాదాపు 60 శాతం. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం 2015లో ప్లాస్ వన్ పత్రికలో ఈ లెక్క వేసి చూపించింది. ఈ ఆదా అంతా నడిచేది గొర్రె ముఖం మీద, కంటి లోపలి మూలన, చర్మం కిందనే సాగే ఒక సన్నటి సిర చుట్టూ.

అనంతపురంలో ఉండేవాళ్లకు ఈ అంకె ఊరికే చదివి వదిలేసేది కాదు. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. ఆ సగటు కూడా వరసగా రెండేళ్లు నిలిస్తే గొప్ప. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇల్లు గడిచేది గొర్రెల మీదే. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు 7.4 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. రాష్ట్రంలో మందలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఏదంటే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పేర్లే ముందు వస్తాయి. 100 గొర్రెలున్న మంద మొత్తం ఆ పద్ధతిలో నీళ్లు మిగిల్చిందనుకుంటే రోజుకు 260 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు 17. ఎండాకాలంలో కుంటలు ఎండిపోయాక 17 బిందెలంటే ఏమిటో మంద తోలుకుపోయే కురబలను అడిగితే చెబుతారు.

ఆ ప్రయోగం ఎలా జరిగిందో చెప్పుకోవాలి, ఎందుకంటే అది సుఖంగా జరిగింది కాదు. డోర్పర్ జాతి గొర్రెలు 9. వాటి మెదడులోనూ, మెడ దగ్గరి కెరోటిడ్ ధమనిలోనూ ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు అమర్చారు. 8 రోజులపాటు రోజుకు 6 గంటలు 40 డిగ్రీల వేడిలో ఉంచారు. చివరి 5 రోజులు నీళ్లివ్వలేదు. ఆఖరికి ఆ గొర్రెలు ఒంటి బరువులో 16.7 శాతం కోల్పోయాయి. 50 కిలోల గొర్రెకైతే 8 కిలోలకు పైమాటే. 5 రోజుల దాహం చిన్న బాధ కాదు. అంత బాధ పెట్టి రాబట్టిన జ్ఞానాన్ని ఒక పత్రికలో పడేసి మరిచిపోతే ఆ 9 గొర్రెలకు అన్యాయం చేసినట్టే. కరువు నేల మీద ఉన్నవాళ్లమైనా దాన్ని పట్టించుకోవాలి.

ఇంతకీ ఆ సిర చేసే పనేమిటి? గొర్రె రొప్పుతున్నప్పుడు ముక్కు లోపలి తడి పొర మీదుగా గాలి వేగంగా పోతుంది. తడి ఆవిరవుతుంది, ఆ పొరలోని రక్తం చల్లబడుతుంది. చల్లబడిన ఈ రక్తం గుండెకు తిరిగి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి చెంప మీదుగా దిగే ముఖసిర. ఆ దారిన పోతే నేరుగా మెడ సిరలో కలిసి ఒంట్లోకి వెళ్లిపోతుంది. రెండోది కంటి మూల సిర. ఆ దారిన పోతే కంటిగుంతలోంచి సాగి, మెదడు అడుగున పుర్రెలో ఉన్న కెవర్నస్ సైనస్ అనే రక్తపు మడుగులోకి చేరుతుంది.

ఆ మడుగులోనే ఉంది అసలు విశేషం. మనిషికి మెడలోంచి లోపలి కెరోటిడ్ ధమని నేరుగా మెదడుకు వెళుతుంది. గొర్రెకు, మేకకు పుట్టిన కొంతకాలానికి ఆ ధమనిలో పుర్రె బయటి భాగం మూసుకుపోతుంది. వాటి మెదడుకు రక్తం దవడ వైపు ధమని కొమ్మల నుంచి వస్తుంది. ఆ కొమ్మలు పుర్రెలోకి రాగానే సన్నటి ధమనుల వలగా విడిపోతాయి, మళ్లీ ఒకటిగా కలిసి మెదడులోకి వెళతాయి. ఈ వలను రీటీ మిరబిలే అంటారు. వల మొత్తం ఆ చల్లటి సిరారక్తపు మడుగులో మునిగి ఉంటుంది. పాల క్యాన్‌ను చన్నీళ్ల తొట్టిలో దించినప్పుడు పాలూ నీళ్లూ కలవకుండానే పాలు చల్లబడతాయి కదా, ఇక్కడ జరిగేదీ అదే. గుండె నుంచి వేడిగా వచ్చిన రక్తం వలలోంచి పోతూ చల్లబడి మెదడుకు చేరుతుంది. 1968లోనే మేరీ ఆన్ బేకర్, జేమ్స్ హేవర్డ్ గొర్రెల మీద ప్రయోగం చేసి, ముక్కు పొర చల్లదనానికీ మెదడు ఉష్ణోగ్రతకూ ఈ వల ద్వారా సంబంధం ఉందని చూపించారు.

అయితే మెదడు చల్లబడితే నీళ్లెలా మిగులుతాయి? చాలామంది పొరబడేది ఇక్కడే. మెదడును ఎండ నుంచి కాపాడటానికే ఈ ఏర్పాటు అని చాలాకాలం అనుకున్నారు. కానీ ఒంటి వేడిని గమనిస్తూ, ఎంత రొప్పాలో ఎంత చెమట పట్టాలో నిర్ణయించేది మెదడులోని హైపోథాలమస్. దానికి చేరే రక్తం చల్లగా ఉంటే ఒంట్లో వేడి ఉన్నా అది తొందరపడదు. రొప్పు తగ్గుతుంది, ఆవిరై పోయే నీళ్లు తగ్గుతాయి. అందుకే దాహంగా ఉన్న గొర్రెలు ఈ పద్ధతిని ఎక్కువసేపు, ఎక్కువ గట్టిగా వాడుకున్నాయి. రక్తం చిక్కబడిన కొద్దీ మెదడుకూ ధమనికీ మధ్య ఉష్ణోగ్రత తేడా పెరిగింది. 2.6 లీటర్ల లెక్క కూడా రోజులో సగం సేపు ఈ పద్ధతి నడిచిన గొర్రెకే వర్తిస్తుంది. 9 గొర్రెల్లో అన్నీ ఒకేలా చేయలేదు. కొన్ని బాగా చేశాయి, కొన్ని అంతంతమాత్రం.

ఇంకొక సంగతి మందలు కాసేవాళ్లకు నేరుగా పనికొచ్చేది. కంటి మూల సిర గోడలో కండరం ఉంటుంది. జంతువు బెదిరినప్పుడు, పరుగు తీసినప్పుడు సింపథెటిక్ నాడులు ఆ కండరాన్ని బిగిస్తాయి. సిర సన్నబడుతుంది, చల్లటి రక్తం చెంప దారిన ఒంట్లోకి పోతుంది, మెదడు చల్లదనం ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం మందను కుక్కలతో తరిమించినా, లారీ ఎక్కించడానికి అరుస్తూ అదిలించినా గొర్రె చెమటోడ్చడంతోపాటు నీళ్లు పొదుపు చేసే ఏర్పాటును కూడా పోగొట్టుకుంటుంది. చెట్టు లేని బీడులో గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తలలు దూర్చి కదలకుండా నిలబడటం చూస్తుంటాం. ఆ సమయంలో వాటిని కదిలించకపోవడమే మేలు.

డోర్పర్ గొర్రెకు వేసిన లెక్కను మన నెల్లూరు, బళ్లారి, దక్కనీ గొర్రెలకు అలాగే అంటగట్టలేం. ఒకే జాతిలోనే అంత తేడా ఉంటే, తరతరాలుగా ఈ ఎండలో బతికినవాటిలో ఎంత ఉంటుందో విడిగా కొలిచి చూడాలి. పొట్టేలును ఎంచుకునేటప్పుడు బరువు, ఎత్తు, తల్లి ఈతల లెక్క చూసినట్టే దాహం తట్టుకునే గుణాన్ని కూడా చూసే రోజు రావాలని నా కోరిక.

ఈ వల గొర్రెలో ఉంది, మేకలో ఉంది, పందిలో, పిల్లిలో ఉంది. ఎలుకలో లేదు, కుందేలులో లేదు, గుర్రంలో లేదు. మనిషిలోనూ లేదు. ఈ ఒక్క వాక్యం తెలియక వైద్యశాస్త్రం 1300 ఏళ్లకు పైగా దారి తప్పింది. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ పశువుల పుర్రెల్లో ఈ వలను చూసి, మనిషికీ ఉంటుందని రాశాడు. దాని మీద ఒక సిద్ధాంతమే కట్టాడు. 1522లో ఇటలీలో బెరెంగారియో ద కార్పి ఎన్నో మానవ శరీరాలు కోసి చూసినా అది తనకు కనబడలేదన్నాడు. 1543లో వెసేలియస్ తన గ్రంథంలో గాలెన్‌ది పొరపాటని తేల్చాడు. గాలెన్ చూసింది అబద్ధం కాదు, చూసినది ఏ జంతువులోనో మరిచిపోయాడు. ప్రయోగశాలలో కంటి నాళాల గురించి ఏ అంకె విన్నా నేను మొదట అడిగే ప్రశ్న అదే: ఇది ఏ జంతువు కన్ను?

ఎలుకల దగ్గరికి వద్దాం. అనంతపురం చుట్టుపక్కల ఫార్మసీ కళాశాలల్లో చదివే పిల్లలు కూడా పుస్తకాల్లో తప్పక చదివే విషయం ఇది. చిట్టెలుక కనుగుడ్డు వెనక ఒక పెద్ద రక్తపు సంచి ఉంటుంది, దాన్ని కంటిగుంత సైనస్ అంటారు. దాని పెద్ద బంధువైన ఎలుకలో సంచి ఉండదు, ఒకదానితో ఒకటి అల్లుకున్న సిరల జాలం ఉంటుంది. చూడటానికి ఒకే కుటుంబం, కంటి వెనక నిర్మాణం మాత్రం వేరు. ఇన్నేళ్లుగా రక్తం నమూనా కోసం సన్నటి గాజు గొట్టం దించింది ఈ చోటికే. చిట్టెలుకలో అది సంచి కాబట్టి రక్తం తేలికగా వస్తుంది. ఎలుకలో సన్నటి సిరల గోడలు చిరుగుతాయి, కంటి వెనక రక్తం గడ్డకడుతుంది. పక్కనే హార్డేరియన్ గ్రంథి ఉంది, కంటి నరం ఉంది. చేయి తప్పితే కన్ను పోతుంది.

ఎంత రక్తం తీయవచ్చన్నది ముందే కట్టిన లెక్క. 25 గ్రాముల చిట్టెలుక ఒంట్లో మొత్తం రక్తం 2 మిల్లీలీటర్లకు మించదు. ఒకసారికి అందులో 10వ వంతు దాటకూడదన్నది పాటించే నియమం, అంటే 0.2 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కలు. 250 గ్రాముల ఎలుకకు కిలోకు 64 మిల్లీలీటర్ల చొప్పున 16 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది, తీయదగ్గది 1.6 మిల్లీలీటర్లు. ఆ కాస్త రక్తం తోక సిర నుంచో, వెనక కాలి సఫీనస్ సిర నుంచో వస్తున్నప్పుడు కంటి జోలికి పోవాల్సిన పని లేదు. పోవాల్సి వచ్చినా మత్తు ఇవ్వకుండా చేయడం క్రూరత్వమే. జంతుహింస నివారణ చట్టం 1960లోనే వచ్చింది. ప్రయోగాల పర్యవేక్షణ నియమాలు 1998లో వచ్చాయి. ప్రతి సంస్థలో నైతిక సంఘం ఉండి అనుమతి ఇచ్చాకే ప్రయోగం మొదలవ్వాలి. సంఘంలో కూర్చున్నవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఏ సిర?’ అన్నదే కావాలి.

ఎలుకలు పెంచేవాళ్లు తరచూ కంగారుపడే ఒక విషయం ఇక్కడే చెప్పాలి. ఎలుక కంటి చుట్టూ ఎర్రటి మరకలు కనబడితే రక్తం కారుతోందనుకుంటారు. చాలాసార్లు అది రక్తం కాదు. హార్డేరియన్ గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే రంగు. ఎలుకకు జబ్బు చేసినా, ఒత్తిడి ఎక్కువైనా అది కారుతుంది. అతినీలలోహిత కాంతి వేసి చూస్తే గులాబీ రంగులో మెరుస్తుంది. నాళం తెగలేదు గానీ ఎలుక సుఖంగా లేదన్నది మాత్రం నిజం.

ఇప్పుడు కంటి లోపలికి. మాంసం కొట్టులో పొట్టేలు తలకాయ కొన్నప్పుడు కన్ను విడిగా ఇమ్మంటే ఇస్తారు. ఈ చదువుకు కొత్తగా ఏ ప్రాణీ పోనక్కర్లేదు. చుట్టూ కొవ్వు, కండరాలు తీసేస్తే గుండ్రటి తెల్లటి గుడ్డు, వెనక తెల్లటి తాడులాంటి కంటి నరం. నల్లగుడ్డుకు కాస్త వెనకగా బ్లేడుతో చుట్టూ కోసి రెండు చిప్పలుగా విడదీయాలి. కటకం, పారదర్శకమైన జిగురు ముద్ద జారి బయటికి వస్తాయి. వెనక చిప్పలో తెల్లగా, పల్చగా, ముట్టుకుంటే ముడుచుకుపోయే పొరే రెటీనా. పట్టుకారుతో లాగితే అంతా ఊడి వస్తుంది, ఒక్కచోట మాత్రం రాదు, కంటి నరం లోపలికి వచ్చే బిందువు దగ్గర. రక్తనాళాలు లోపలికి వచ్చేదీ అక్కడే. తాజా కన్నయితే ఆ బిందువు నుంచి నాలుగైదు సన్నటి ఎర్రటి గీతలు పాకి ఉండటం కనిపిస్తుంది. రెటీనా కింద పై సగంలో నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసే టపీటం బయటపడుతుంది. రాత్రి టార్చి వేస్తే మంద కళ్లు మెరిసేది దీనివల్లే. దాని వెనక నల్లటి పొర కోరాయిడ్, అంతా రక్తనాళాలే.

కంటికి వచ్చే రక్తంలో అధిక భాగం ఆ నల్ల పొరకే పోతుంది. 1973లో స్వీడన్‌లో ఆల్మ్, బిల్ కోతుల్లో కొలిచి, రెటీనా సొంత నాళాలకు అందేది చాలా చిన్న వాటా అని తేల్చారు. కోరాయిడ్‌కు సుమారు 85 శాతం, రెటీనాకు 4-5 శాతం అని పాఠ్యపుస్తకాల్లో కనబడే అంకెకు మూలం ఇలాంటి కొలతలే. ఆ 5 శాతంలో అడ్డంకి వస్తే మనిషికి చూపు పోతుంది. కానీ అన్ని జంతువులకూ ఆ 5 శాతం లేదు.

జర్మన్ నేత్రవైద్యుడు థియోడర్ లెబర్ 20వ శతాబ్దం ఆరంభంలో క్షీరదాల రెటీనాలను నాళాల తీరును బట్టి విడదీశాడు. మనిషి, కోతి, గొర్రె, పంది, కుక్క, ఎలుక ఒక వర్గం, వాటికి రెటీనా అంతటా నాళాలుంటాయి. కుందేలుకు కంటి నరం బిందువుకు అటూ ఇటూ రెండు పట్టీల్లోనే ఉంటాయి, మిగతా రెటీనా ఖాళీ. గుర్రానికి బిందువు చుట్టూ కొద్ది దూరమే. గినీ పందికి దాదాపు లేనట్టే. మరి నాళాలు లేనిచోట రెటీనా ఎలా బతుకుతుంది? వెనక కోరాయిడ్ నుంచి ఆక్సిజన్ ఊరి రావాలి. ఊరి రాగల దూరానికి హద్దుంది. అందుకే నాళాలు లేని రెటీనాలు సుమారు 140 మైక్రాన్ల మందం దాటవు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు. అంతకు మించి మందం కావాలంటే సొంత నాళాలు పెట్టుకోక తప్పదు.

కంటి మందుల పరీక్షల్లో కుందేలును ఎక్కువగా వాడతారు. నల్లగుడ్డు మీది మంట, దురద చూడటానికి దాని కన్ను పనికొస్తుందేమో గానీ, షుగర్ జబ్బులో రెటీనా నాళాలు ఎలా చెడతాయో చూడాలంటే రెండు పట్టీల నాళాలున్న కంట్లో ఏం చూస్తాం?

షుగర్ జబ్బును చదవడానికి కుందేలు కన్నా ఎలుక మేలు. దాని కనుగుడ్డు 6 మిల్లీమీటర్లే, మనిషిది 24. అయినా రెటీనాలో రక్తకేశనాళికలు మనిషిలో మాదిరే పొరలుపొరలుగా ఉంటాయి. నాళం గోడకు బయట అతుక్కుని ఉండే పెరిసైట్ కణాలు రెటీనాలో లోపలి కణాలకు దాదాపు ఒకటికి ఒకటి చొప్పున ఉంటాయి. శరీరంలో మరెక్కడా ఇంత దట్టంగా ఉండవు. షుగర్ మొదట చంపేది ఆ కణాలనే. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఇచ్చి షుగర్ తెప్పించిన ఎలుకల్లో ఈ తొలి దశ స్పష్టంగా కనబడుతుంది. మనిషిని గుడ్డివాణ్ణి చేసే చివరి దశ, అంటే కొత్త నాళాలు పిచ్చిగా మొలిచి కంట్లో రక్తం చిమ్మడం, ఎలుకలో రాదు. రెటీనా మధ్యన స్పష్టమైన చూపునిచ్చే మక్యులా కూడా దానికి లేదు.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ ఎలుకల విద్యలో సుదీర్ఘ చరిత్ర ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడి ఎలుకల మందలో 1996లో దానంతటదే స్థూలకాయం వచ్చే ఎలుకలు బయటపడ్డాయి. వాటికి డబ్ల్యూఎన్ఐఎన్-ఓబీ అని పేరు. వయసు పెరిగేకొద్దీ వాటి రెటీనా క్షీణిస్తుందని 2009లో ఆ సంస్థ శాస్త్రవేత్త జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం ప్రచురించింది. మందు వేసి జబ్బు తెప్పించనవసరం లేకుండా, తెలుగు నేల మీదే తయారైన కంటి జబ్బు నమూనా అది.

ఎలుక కంటి నాళాలు మనుషులకు చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు మాత్రం పసిపిల్లల విషయంలో. గర్భంలో బిడ్డ రెటీనాకు నాళాలు 16వ వారంలో మొలవడం మొదలై ముక్కు వైపు అంచుకు 36 వారాలకు, చెవి వైపు అంచుకు 40 వారాలకు చేరతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ పని సగంలో ఉంటుంది. 1942లో అమెరికాలో టెర్రీ అనే వైద్యుడు అలాంటి పిల్లల్లో ఒక కొత్త గుడ్డితనాన్ని గుర్తించాడు. 1950ల మధ్యకు దాదాపు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయారు. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అనుమానం ఆక్సిజన్ మీదికి మళ్లించింది. లండన్‌లో నార్మన్ ఆష్టన్ పిల్లికూనలను 70-80 శాతం ఆక్సిజన్‌లో ఉంచి చూస్తే వాటి రెటీనా నాళాలు మూసుకుపోయాయి.

చిట్టెలుక పిల్ల నాళాలు లేని రెటీనాతో పుడుతుంది. మనిషి గర్భంలో చేసే పనిని అది పుట్టాక చేస్తుంది. 1994లో లోయిస్ స్మిత్ బృందం దీన్నే వాడుకుంది. 7వ రోజు నుంచి 12వ రోజు దాకా 75 శాతం ఆక్సిజన్‌లో ఉంచి, తర్వాత మామూలు 21 శాతం గాలిలోకి తెచ్చారు. మూసుకుపోయిన చోట ఆకలిగొన్న రెటీనా కొత్త నాళాలను పిలిచింది. అవి 17వ రోజుకు విపరీతమయ్యాయి. అయితే చిట్టెలుకలో నాళాలు పోయేది రెటీనా నడిమధ్యన, బిడ్డలో లోటు ఉండేది అంచున. ఎలుక పిల్లలను 14 రోజులు ఒక రోజు 50, ఒక రోజు 10 శాతం ఆక్సిజన్‌లో మార్చిమార్చి ఉంచితే లోటు అంచున వస్తుంది, బిడ్డ కంటికి అదే దగ్గర. ఆక్సిజన్ ఎక్కువైనా చెడుపే, ఎక్కువ తక్కువల మధ్య ఊగినా చెడుపే అన్న పాఠం అక్కడిదే. నేటి నవజాత శిశు వార్డుల్లో నెలలు నిండని బిడ్డ రక్తంలో ఆక్సిజన్‌ను సాధారణంగా 90-95 శాతం మధ్య నిలపాలని చూడటం ఈ దారిలో వచ్చిందే.

అనంతపురం, హిందూపురం, కదిరి ఏ ఆసుపత్రిలో పుట్టినా వర్తించే అంకెలివి. మన దేశంలో 34 వారాల లోపు పుట్టిన బిడ్డకు, లేదా 2,000 గ్రాముల లోపు బరువున్న బిడ్డకు రెటీనా పరీక్ష తప్పనిసరి. పుట్టిన 30 రోజుల్లోగా అది జరగాలి. 28 వారాల లోపు లేదా 1,200 గ్రాముల లోపు అయితే 2-3 వారాలకే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్ సుభద్ర జలాలి ఈ 30 రోజుల గడువును దేశమంతా ప్రచారం చేశారు. జబ్బు ముదిరినట్టు కనిపిస్తే లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ 48 నుంచి 72 గంటల్లో పడాలి. బిడ్డ ఏడవదు, కన్ను ఎర్రబడదు, ఇంట్లో ఎవరికీ తేడా కనబడదు. డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడే ‘రెటీనా పరీక్ష ఎప్పుడు, ఎక్కడ?’ అని అడిగి తేదీ రాయించుకోవాలి.